మైదా లేని కేక్ ఎందుకు విరిగిపోతుంది? గ్లూటెన్ లేని బేకింగ్ ఎవరికి, ఎలా

క్లుప్తంగా

గోధుమలో ఉండే జిగురు ప్రోటీన్ గ్లూటెన్. అది నిజంగా పడనివాళ్ళు దక్షిణాదిలో తక్కువ. అయినా షుగరు, థైరాయిడ్, బరువు లాంటి కారణాలతో మైదా మానేసి ఇంట్లోనే బేకింగ్ చేసుకునేవాళ్ళు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోనూ కనిపిస్తున్నారు. మైదా బదులు అంతే కొలత బియ్యప్పిండో రాగిపిండో వేస్తే కేక్ నిలబడదు. కేక్‌కి కట్టుబడిని ఇచ్చేది మైదాలోని గ్లూటెనే. ఆ పని వేరే రకంగా చేయించే పద్ధతులు ఇక్కడి వంటింట్లో ఎప్పటినుంచో ఉన్నాయి. అయితే ఎవరి అవసరం ఏమిటో తేలకుండా పిండి మారిస్తే, ఒకరికి పడేది ఇంకొకరికి ఇబ్బంది తెస్తుంది.

చపాతీ తినమన్నది నిన్న, మానమంటున్నది ఇవాళ

పెన్నా ఆయకట్టు కింద వరి పండించే నెల్లూరులో గానీ, జొన్న, సజ్జ, కొర్ర, వరిగ తిని పెరిగిన కనిగిరి, మార్కాపురం వైపు గానీ గోధుమ ఏనాడూ ప్రధాన తిండి కాదు. పండక్కో, చుట్టాలొస్తేనో పూరీ. జ్వరం వస్తే బన్ను, బ్రెడ్డు. అంతవరకే. దీన్ని మార్చినవి రెండు. మొదటిది బేకరీ. ఎగ్ పఫ్, దిల్‌పసంద్, క్రీమ్ బన్ను, పుట్టినరోజు కేకు ఇప్పుడు పెద్ద పల్లెల్లోనూ దొరుకుతున్నాయి. రెండోది షుగరు. మధుమేహం బయటపడిన ఎన్నో ఇళ్ళలో రాత్రిపూట అన్నం పోయి చపాతీ వచ్చింది. ఒకరి కోసం మొదలైన చపాతీ ఇంటిల్లిపాదికీ అలవాటైంది.

ఇప్పుడు అదే ఇంట్లో ఫోన్ తెరిస్తే, అసలు సమస్యంతా గోధుమలోనే ఉందని చెప్పే వీడియోలు. బరువు, కడుపు ఉబ్బరం, థైరాయిడ్, మోకాళ్ళ నొప్పి, అన్నిటికీ గ్లూటెనే కారణమన్న ధోరణి. దానికి తోడు 2023ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక రాగి బిస్కెట్, జొన్న కుకీ, మిల్లెట్ కేక్ లాంటి పేర్లు దుకాణాల్లో పెరిగాయి. వాటిలో కొన్నిటి ప్యాకెట్ వెనక పదార్థాల వరుస చదివితే మొదటి పేరు మైదాయో గోధుమపిండో అయి ఉంటుంది. రాగి ఎక్కడో మధ్యలో తగులుతుంది. పదార్థాలను బరువు ప్రకారం, ఎక్కువ ఉన్నదాన్ని ముందు రాయాలన్నది నియమం కాబట్టి ఆ వరుస అబద్ధం చెప్పదు. ముందువైపు బొమ్మ చెప్పొచ్చు.

ప్యాకెట్ మీద నమ్మకం పోయినవాళ్ళు ఇంట్లోనే చేసుకుందామనుకుంటారు. అక్కడ రెండో చిక్కు. మైదా తీసేసి అదే కొలత బియ్యప్పిండి వేసిన కేక్ సరిగా పొంగదు. పొంగినా మధ్యలో కుంగుతుంది. కోయబోతే రవ్వరవ్వగా రాలిపోతుంది. తప్పు చేయి తిరగకపోవడంలో లేదు, లెక్కలో ఉంది.

గ్లూటెన్ చేసే పని

గోధుమపిండిలో గ్లియాడిన్, గ్లూటెనిన్ అనే రెండు రకాల ప్రోటీన్లు ఉంటాయి. పిండి పొడిగా ఉన్నంతసేపు వాటి ఉనికే తెలియదు. నీళ్ళు పోసి పిసికితే ఒకదానికొకటి పెనవేసుకుని వలలా తయారవుతాయి. గ్లియాడిన్ వల్ల ముద్ద సాగుతుంది, గ్లూటెనిన్ వల్ల సాగింది మళ్ళీ వెనక్కి వస్తుంది. ఈ వలే గ్లూటెన్. దీన్ని కళ్ళారా చూడాలంటే నిమ్మకాయంత చపాతీ ముద్దను పావుగంట నానబెట్టి, నీళ్ళగిన్నెలో పిసుకుతూ కడిగితే చాలు. తెల్లటి గంజి నీళ్ళలో కలిసిపోతుంది. రెండు మూడుసార్లు నీళ్ళు మార్చాక చేతిలో చూయింగ్ గమ్ లాంటి బూడిదరంగు ముద్ద మిగులుతుంది. బియ్యప్పిండి ముద్దను అలాగే కడిగితే చేతిలో ఏమీ మిగలదు. బియ్యంలోనూ ప్రోటీన్ ఉంది, ఏడు శాతం దాకా. కానీ అది ఇలా వల అల్లదు.

ఈస్ట్ గానీ బేకింగ్ పౌడర్ గానీ కార్బన్ డయాక్సైడ్ వాయువును పుట్టిస్తాయి. ఆ బుడగలను బయటికి పోకుండా పట్టి ఉంచేది గ్లూటెన్ వల. వేడికి ఆ వల గట్టిపడి, చుట్టూ ఉన్న పిండిపదార్థం ఉడికి బిగుసుకుంటే బ్రెడ్ నిలబడుతుంది. వల లేకపోతే బుడగలు పైకి తేలి పగిలిపోతాయి. అందుకే కేక్ కుంగుతుంది.

అయితే అన్ని వంటలకూ గ్లూటెన్ అవసరం ఒకేలా ఉండదు. బిస్కెట్‌కి అది దాదాపు అక్కర్లేదు. నెయ్యి ఎక్కువ, నీళ్ళు తక్కువ వేసి, పిండిని ఎక్కువ పిసక్కుండా చేయడంలో ఉద్దేశమే గ్లూటెన్‌ను పెరగనీయకపోవడం. కేక్‌లో కొంత కావాలి, కానీ గుడ్డు చాలా భారం మోస్తుంది. బ్రెడ్‌కి మాత్రం అదే ప్రాణం. కాబట్టి నానఖటాయి లాంటి బిస్కెట్లు శనగపిండి, జొన్నపిండి, నెయ్యితో మొదటిసారే బాగా రావడం, బ్రెడ్ మాత్రం పదేపదే విసిగించడం సహజం. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు బ్రెడ్‌తో మొదలుపెట్టి, ఇది మన వల్ల కాదని వదిలేస్తుంటారు. మొదలుపెట్టాల్సింది అటువైపు నుంచి కాదు.

ఎవరికి తప్పనిసరి, ఎవరికి కాదు

గ్లూటెన్ పూర్తిగా మానాల్సిన జబ్బు సీలియాక్. ఇది అలర్జీ కాదు; శరీరపు రోగనిరోధక వ్యవస్థ గ్లూటెన్‌కు స్పందించి సొంత చిన్నపేగునే దెబ్బతీసే స్థితి. పేగు లోపల పోషకాలను పీల్చుకునే సన్నటి చూషకాలు చదునైపోతాయి. విరేచనాలు, కడుపు ఉబ్బరం ఒక రూపం మాత్రమే. ఎన్ని ఐరన్ మాత్రలు వేసుకున్నా తగ్గని రక్తహీనత, పిల్లల్లో ఎదుగుదల ఆగిపోవడం కూడా దీని లక్షణాలు కావచ్చు. గోధుమకీ ఈ జబ్బుకీ సంబంధాన్ని స్థాపించింది నెదర్లాండ్స్ పిల్లల వైద్యుడు విలెం కారెల్ డికె. ఆయనకు అనుమానం ముందునుంచే ఉంది. 1944–45 చలికాలపు కరువులో అక్కడ బ్రెడ్ దొరకనప్పటి అనుభవం దాన్ని బలపరిచింది.

భారతదేశంలో దీని విస్తృతిని పోల్చిన అధ్యయనం 2016లో వెలువడింది. ఉత్తరాదిన హర్యానా, ఈశాన్యాన అస్సాం, దక్షిణాన వేలూరు ప్రాంతాల్లో పెద్దల రక్తపరీక్షలు చేశారు. ఉత్తరాదిన వెయ్యి మందిలో ఎనిమిది మందికి పైగా సీలియాక్ ఉంటే, వేలూరు ప్రాంతంలో అది పదివేలకు ఒకరి స్థాయిలో తేలింది. ఆసక్తికరమైన విషయం వేరే ఉంది. ఈ జబ్బుకి అవకాశమిచ్చే జన్యువులు మూడు చోట్లా దాదాపు ఒకే నిష్పత్తిలో, సుమారు మూడో వంతు మందిలో ఉన్నాయి. తేడా తిండిలో ఉంది: ఉత్తరాదిన రోజుకు 455 గ్రాముల గోధుమ, దక్షిణాన 25 గ్రాములు. నెల్లూరు, ఒంగోలు జనం చికిత్స కోసం రైలెక్కే వేలూరు ఇది. తిండి అలవాట్లలోనూ మరీ దూరం కాదు. ఈ లెక్కను బట్టి చూస్తే, చపాతీ పెరుగుతున్నకొద్దీ ఇక్కడా కేసులు బయటపడే అవకాశాన్ని కొట్టిపారేయలేం.

గోధుమ అలర్జీ వేరు. అందులో దద్దుర్లు, ఆయాసం నిమిషాల్లోనో, గంటా రెండు గంటల్లోనో కనిపిస్తాయి. వాళ్ళు గోధుమ మానాలి, బార్లీ పడొచ్చు. సీలియాక్ ఉన్నవాళ్ళకు గోధుమతో పాటు బార్లీ, రై అనే గోధుమలాంటి ధాన్యం కూడా నిషిద్ధమే. మూడో రకం, సీలియాక్ కాకపోయినా గోధుమ తింటే కడుపులో ఇబ్బంది పడేవాళ్ళు. వీళ్ళలో కొందరికి అసలు కారణం గ్లూటెన్ కాక గోధుమలోని ఫ్రక్టాన్ అనే పిండిపదార్థం అని పరిశోధనలు చెబుతున్నాయి. ఉల్లి, వెల్లుల్లిలో కూడా అదే ఉంటుంది. గోధుమ మానినా ఉల్లిపాయ పకోడీతో ఉబ్బరం వచ్చేవాళ్ళు ఈ కోణం చూసుకోవాలి.

థైరాయిడ్ విషయంలో మాట సగం నిజం. థైరాయిడ్ మీద సొంత రోగనిరోధక వ్యవస్థే దాడి చేసే రకం ఉన్నవాళ్ళలో సీలియాక్ కొంత ఎక్కువగా కనిపిస్తుంది. అందుకని థైరాయిడ్ ఉన్న ప్రతి ఒక్కరూ గోధుమ మానాలని కాదు. పైగా గోధుమ మానేసి మూడు పూటలా సజ్జలకు మారితే, సజ్జల్లోనే థైరాయిడ్ పనిని అడ్డుకునే పదార్థాలు ఉన్నాయి. అయోడిన్ లోపం ఉన్నచోట, అతిగా తిన్నప్పుడు వాటి ప్రభావం కనిపించింది. ఆటిజం ఉన్న పిల్లలకు గోధుమ, పాలు రెండూ మాన్పించే పద్ధతి ప్రచారంలో ఉంది గానీ, దానికి ఉన్న ఆధారాలు బలమైనవి కావు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట పరీక్ష గురించి. సీలియాక్ ఉందో లేదో తేల్చే టీటీజీ–ఐజీఏ రక్తపరీక్ష, అవసరమైతే ఎండోస్కోపీతో తీసే పేగు ముక్క పరీక్ష, రెండూ గోధుమ తింటున్నప్పుడే సరైన ఫలితం ఇస్తాయి. ముందే మానేస్తే పేగు కోలుకుంటుంది, రక్తంలో యాంటీబాడీలు తగ్గుతాయి, జబ్బు ఉన్నా లేదని వస్తుంది. వీడియో చూసి ఆర్నెల్లు గోధుమ మానేసి, ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్ళేవాళ్ళకు ఇదే జరుగుతుంది. అనుమానం ఉంటే పరీక్ష ముందు, పిండి మార్చడం తర్వాత.

అరిసెల పిండి, జొన్నరొట్టె, మినపరుబ్బు

గ్లూటెన్ లేకుండా పిండిని నిలబెట్టడం కొత్త శాస్త్రంలా వినిపిస్తుంది. వరి, జొన్నలతో బతికిన ప్రాంతంలో అది రోజూ జరిగే పనే.

అరిసెలకు బియ్యం నానబెట్టి, నీళ్ళు వార్చి, తడి ఉండగానే పిండి కొట్టిస్తారు. కొట్లో దొరికే పొడి బియ్యప్పిండితో అరిసె చేస్తే గట్టిపడడమో నూనెలో విడిపోవడమో జరుగుతుంది. కారణం గింజ లోపల ఉంది. పొడి బియ్యాన్ని ఆడించినప్పుడు రాపిడికి, వేడికి పిండిపదార్థపు రేణువులు చితికిపోతాయి. చితికిన రేణువు నీళ్ళను ఎక్కువగా, ఒక్కసారిగా పీల్చుకుంటుంది. నానిన బియ్యం మెత్తబడి ఉంటుంది కాబట్టి తక్కువ దెబ్బతో సన్నగా నలుగుతుంది. బియ్యప్పిండి బ్రెడ్ మీద జపాన్‌లో జరిగిన పరిశోధనలూ ఇదే చెప్పాయి: తడిగా ఆడించిన, రేణువులు తక్కువగా చితికిన పిండితో చేసిన బ్రెడ్ ఎక్కువ పొంగుతుంది. సంక్రాంతికి అరిసెల కోసం ఆడించిన పిండిలో కొంచెం నీడన ఆరబెట్టి, సన్న జల్లెడతో జల్లించి పెట్టుకుంటే కేక్‌కి బజారు పిండి కంటే అది నయం. పూర్తిగా ఆరకపోతే మాత్రం రెండు రోజుల్లో పులిసిన వాసన వస్తుంది. ఆరినా ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి.

జొన్నరొట్టె చేసే పద్ధతి ఇంకో కీలకం. చల్లనీళ్ళతో కలిపిన జొన్నపిండి చేత్తో తడుతుంటే అంచులు పగులుతాయి. మరిగిన ఎసరు పోసి కలిపితే ముద్ద చెప్పినట్టు వింటుంది. వేడినీళ్ళకు పిండిపదార్థంలో కొంతభాగం అక్కడికక్కడే ఉడికి జిగురవుతుంది. మిగతా పిండిని అదే పట్టి ఉంచుతుంది. గ్లూటెన్ లేని బ్రెడ్‌కీ ఇది పనికొస్తుంది. మొత్తం పిండిలో పదో వంతు తీసి, దానికి నాలుగైదు రెట్ల నీళ్ళు కలిపి, పొయ్యి మీద జావలా చిక్కబడేదాకా కాచి, చల్లారాక మిగతా పిండిలో కలపాలి. రాగి అంబలి కాచడం వచ్చిన ఎవరికైనా ఇందులో కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు.

మినప్పప్పు సంగతి వీటికన్నా గట్టిది. ఇడ్లీపిండి పొంగేది ఈస్ట్ వేసినందుకు కాదు. ల్యూకోనోస్టాక్ జాతి బ్యాక్టీరియా పప్పులోనూ బియ్యంలోనూ ఉన్న చక్కెరలను పులియబెట్టి వాయువును వదులుతుంది. ఆ వాయువు పోకుండా ఆగడానికి కారణం మినప్పప్పులోని రెండు పదార్థాలు: బుడగ చుట్టూ పొరలా పరుచుకునే గ్లోబులిన్ ప్రోటీన్లు, రుబ్బినప్పుడు వచ్చే జిగురైన అరబినోగాలక్టాన్. రెండూ కలిసి గ్లూటెన్ చేసే పనిలో పెద్దభాగం చేస్తాయి. ఇదే సూత్రం మీద నడిచేది మినపరొట్టె, దిబ్బరొట్టె. మందపాటి మూకుడులో నూనె వేసి, రెండు అంగుళాల మందాన పిండి పోసి, మూత పెట్టి సన్నసెగ మీద వదిలేస్తారు. పాతరోజుల్లో మూత మీద కూడా నిప్పులు పోసేవారు; కిందా పైనా సెగ తగిలే ఓవెన్ పని అది. పైన ఎర్రగా కరకర, లోపల గుల్లగా వచ్చే ఆ రొట్టె ఎవరూ ఆ పేరు పెట్టకపోయినా గ్లూటెన్ లేని బ్రెడ్డే.

కేక్‌లోనూ మినపరుబ్బు వాడొచ్చు. బియ్యప్పిండి, బెల్లం, నెయ్యి వేసే కేక్‌లో మొత్తం పిండిలో నాలుగో వంతు దాకా బాగా గిలకొట్టిన మినపరుబ్బు కలిపితే గుడ్డు లేకపోయినా గుల్లదనం వస్తుంది. ఎంత గిలకొట్టారన్నదే ముఖ్యం. చిన్న ఉండ నీళ్ళలో వేస్తే తేలాలి. గారెలకు చూసే పరీక్షే. వాసన కొంచెం తెలుస్తుంది కాబట్టి యాలకులో, వేయించిన కొబ్బరో తోడు కావాలి. వెనిల్లా దాన్ని కప్పలేదు.

ఒక కాలపు సంగతి కూడా చెప్పుకోవాలి. రోహిణి కార్తె ఎండల్లో నెల్లూరులో పిండి పులియడానికి రాత్రంతా అక్కర్లేదు. ఈస్ట్ వేసిన గ్లూటెన్ లేని పిండికి ఇది ఇంకా ప్రమాదం. గోధుమ ముద్ద ఎక్కువ పొంగితే పిసికి మళ్ళీ పొంగించొచ్చు. ఈ పిండి ఒక్కసారే పొంగుతుంది. పొంగు దాటితే కుంగిపోయి మళ్ళీ లేవదు. వేసవిలో చల్లనీళ్ళతో కలపడం, ముప్పావు వంతు పొంగగానే ఓవెన్‌లో పెట్టడం మంచిది.

మెడికల్ షాపులో దొరికే జిగురు

పెద్ద ఊళ్ళలోని బేకింగ్ సామాన్ల దుకాణాల్లో జాంతన్ గమ్ దొరుకుతుంది. అది ఒక బ్యాక్టీరియాతో చక్కెరను పులియబెట్టి తీసే జిగురు. కప్పు పిండికి కేక్‌లో పావు టీస్పూను, బ్రెడ్‌లో ఒక టీస్పూను లోపే సరిపోతుంది. ఎక్కువైతే కేక్ బంకబంకగా ఉంటుంది. గోరుచిక్కుడు గింజల నుంచి తీసే గ్వార్ గమ్ కూడా ఇదే పని చేస్తుంది.

బ్రెడ్‌కి వీటికన్నా మేలైనది మలబద్ధకానికి ఇచ్చే ఇసబ్‌గోల్ పొట్టు. కందుకూరు, పొదిలి లాంటి ఊళ్ళలో కూడా ఏ మెడికల్ షాపులోనైనా దొరుకుతుంది. నీళ్ళలో వేసిన నిమిషాల్లో అది చిక్కటి జెల్లీ అవుతుంది. సాగుతుంది, బుడగను పట్టి ఉంచుతుంది, వేడికి విడిపోదు. కొనేటప్పుడు చక్కెర, రుచి కలిపిన రకం కాకుండా ఉత్త పొట్టు తీసుకోవాలి. వంద గ్రాముల పిండికి ఐదారు గ్రాముల పొట్టు, 100 నుంచి 110 మిల్లీలీటర్ల నీళ్ళు అన్నది బ్రెడ్‌కి పనిచేసే నిష్పత్తి. గోధుమ బ్రెడ్‌కి అరవై డెబ్బై మిల్లీలీటర్లతో సరిపోయే చోట ఇన్ని నీళ్ళేమిటని భయపడి తగ్గించడమే ఎక్కువ బ్రెడ్‌లు ఇటుకలవడానికి కారణం.

ఉదాహరణకు 300 గ్రాముల పిండిలో 120 బియ్యప్పిండి, 90 జొన్నపిండి, 90 కార్న్‌ఫ్లోర్ తీసుకుంటే, పొట్టు 18 గ్రాములు, నీళ్ళు 330 మిల్లీలీటర్లు, ఈస్ట్ 5 గ్రాములు, ఉప్పు 5, చక్కెర 10, నూనె 20 గ్రాములు. పొట్టును ముందు నీళ్ళలో కలిపి జెల్లీ అయ్యాక మిగతావి కలపాలి. ఈ పిండి చపాతీ ముద్దలా ఉండదు, గారెల పిండికీ దానికీ మధ్యలో ఉంటుంది. పిసకడం అనవసరం, పిసికి పెంచాల్సిన గ్లూటెన్ ఇందులో లేదు. నానడానికి అరగంట ఇవ్వాలి. బియ్యప్పిండి నీళ్ళను నెమ్మదిగా పీలుస్తుంది, నానకపోతే నోట్లో ఇసకలా తగులుతుంది.

ఉడికిందో లేదో పుల్ల గుచ్చి చూడడం ఇక్కడ నమ్మకం లేని పని. పుల్ల శుభ్రంగా వచ్చినా లోపల బంకగా ఉండొచ్చు. థర్మామీటర్ ఉంటే మధ్యలో 96 నుంచి 98 డిగ్రీలు రావాలి. పూర్తిగా చల్లారేదాకా కోయకూడదు, లోపలి పిండిపదార్థం బిగిసేది చల్లారేటప్పుడే. మిగిలిన బ్రెడ్‌ను ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి బిరుసెక్కుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం గింజ గట్టిపడడానికి ఏది కారణమో ఇదీ అదే. ముక్కలు కోసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, కావాల్సినప్పుడు పెనం మీద కాల్చుకోవాలి.

ఓవెన్ లేనివాళ్ళు కుక్కర్లో ఉప్పు పోసి, విజిల్, రబ్బరు తీసేసి కేక్ చేస్తారు. అందులో సెగ అంతా కింది నుంచే. మైదా కేక్ ముప్పావుగంటలో అయితే ఇది తడి ఎక్కువ కాబట్టి ఇంకా ఎక్కువసేపు పడుతుంది, ఈలోగా అడుగు మాడుతుంది. దానికన్నా ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద ఉడికించే కేక్ సులువు. పైన ఎర్రబడదు, అంతే తేడా.

ఒకే కేక్ ఇంట్లో అందరికీ పనికిరాదు

గ్లూటెన్ లేదంటే షుగర్ పెరగదనుకోవడం అన్ని అపోహల్లోకీ ఖరీదైనది. బియ్యప్పిండి, కార్న్‌ఫ్లోర్, సగ్గుబియ్యం పిండి రక్తంలో చక్కెరను మైదాకి ఏమాత్రం తీసిపోకుండా పెంచుతాయి. బజారులో దొరికే గ్లూటెన్ ఫ్రీ మిశ్రమాల్లో ఎక్కువభాగం ఇవే. మధుమేహం ఉన్నవాళ్ళకు పనికొచ్చేది శనగపిండి. అందులో ప్రోటీన్ ఇరవై శాతం పైమాటే, చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. ప్రకాశం జిల్లా నల్లరేగడి నేలల్లో శనగ విరివిగా పండుతుంది కాబట్టి కొరతా లేదు. దాని పచ్చివాసన పోవాలంటే ముందు కొంచెం వేయించాలి. వేటపాలెం జీడిపప్పు పొడి, వేరుశనగ పొడి కూడా ఇదే వరుసలోవి. బాదంపొడికి పెట్టే డబ్బులు పెట్టనక్కర్లేదు. బెల్లం వేస్తే షుగర్ పేషెంట్లు తినొచ్చన్నది మాత్రం నిజం కాదు.

ఇక కిడ్నీ రోగులు. కనిగిరి, పీసీపల్లి వైపు పల్లెల్లో మూత్రపిండాల జబ్బు ఎంతమందిని పీడిస్తోందో ఆ ప్రాంతంలో అందరికీ తెలుసు. డాక్టర్ పొటాషియం, ఫాస్ఫరస్ తగ్గించమన్న రోగికి శనగపిండి, జీడిపప్పు, చిరుధాన్యాల కేక్ మంచిది కాదు. వాటిలో ఆ రెండూ ఎక్కువ. కొన్ని బేకింగ్ పౌడర్లలో ఉండే ఫాస్ఫేట్ లవణాలను శరీరం ఇంకా తేలిగ్గా పీల్చుకుంటుంది. ఆ రోగికి తెల్ల బియ్యప్పిండి, కార్న్‌ఫ్లోర్ లాంటివే తేలిక. అంటే షుగర్ ఉన్న మనిషికి వద్దన్న పిండే కిడ్నీ దెబ్బతిన్న మనిషికి మేలు. రెండు జబ్బులూ ఒకరికే ఉండడం అరుదేమీ కాదు, షుగరే కిడ్నీలు పాడవడానికి పెద్ద కారణం కదా. అలాంటివాళ్ళ విషయంలో ఏ వంటకమూ సొంతంగా నిర్ణయించుకునేది కాదు, డైటీషియన్ చూసి చెప్పాల్సిందే.

రాగి విషయం వేరు. వంద గ్రాముల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, సీలియాక్ వల్ల ఎముకలు బలహీనపడ్డ పిల్లలకు అది ఉపయోగం. కానీ ఒక్క రాగిపిండితోనే చేసిన కేక్ బరువుగా, కొంచెం వగరుగా వస్తుంది. మూడో వంతు దాటకుండా వాడితే రంగు, రుచి రెండూ కుదురుతాయి. సీలియాక్ కొత్తగా బయటపడినవాళ్ళకు కొన్నాళ్ళు పాలు కూడా పడకపోవచ్చు. పాలలోని లాక్టోజును అరిగించే ఎంజైమ్ తయారయ్యేది పాడైన ఆ చూషకాల కొనల మీదే. పేగు కోలుకున్నాక పాలు మళ్ళీ పడతాయి. అప్పటిదాకా కొబ్బరిపాలు వాడుకోవచ్చు.

గుడ్డు తినని ఇళ్ళలో అవిసెగింజల పొడి పనికొస్తుంది: ఒక టేబుల్ స్పూను పొడికి మూడు టేబుల్ స్పూన్ల నీళ్ళు. పట్టి ఉంచుతుంది గానీ గుడ్డులా నురగ ఇవ్వదు. గుల్లదనానికి పెరుగు, వంటసోడా మీదో, మినపరుబ్బు మీదో ఆధారపడాలి. ఇసబ్‌గోల్ వేసిన బ్రెడ్ తినేవాళ్ళు థైరాయిడ్ మాత్రకీ బ్రెడ్‌కీ మధ్య గంటల తేడా ఉంచుకోవడం మంచిది. పీచు ఎక్కువైతే మందు ఒంటికి పట్టడం తగ్గుతుంది.

పిండి మిషన్ దగ్గర జరిగేది

సీలియాక్ ఉన్నవాళ్ళకు అసలు గండం వంటకంలో కంటే పిండి ఆడించే చోట ఉంది. అంతర్జాతీయంగానూ, భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధనల ప్రకారమూ గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలో ఆహారంలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు దాటకూడదు. మైదాలో ఎనిమిది నుంచి పది శాతం గ్లూటెన్ ఉంటుందనుకుంటే, పావు గ్రాము మైదా, అంటే వేళ్ళ కొసకు అంటుకునేంత, కిలో పిండిలో కలిస్తే ఆ హద్దు దాటిపోతుంది. వీధి చివర పిండి మిషన్‌లో ముందు గోధుమలు ఆడించి, వెంటనే రాగులు పోస్తే మొదట వచ్చే పిండిలో గోధుమ ఎంత ఉంటుందో ఊహించడం కష్టం కాదు. మిషన్ గొట్టానికి కట్టే గుడ్డ సంచి కూడా అదే. ఆ రోజు మొదటి ఆడింపు మనదైనా లోపల నిన్నటి గోధుమపిండి ఉంటుంది. ఇంట్లో చిన్న మిక్సీనో, గోధుమ తగలని తిరగలినో ఈ ఒక్కరి కోసం విడిగా పెట్టుకోవడమే దారి. చపాతీ పిండి జల్లించే జల్లెడ, పీట, అప్పడాల కర్ర కూడా విడిగా ఉండాలి.

కొద్దిపాటి పిండి ఏం చేస్తుందిలే అనే మాటకు పరిశోధనలు ఇచ్చిన జవాబు ఉంది. రోజుకు పది మిల్లీగ్రాముల లోపు గ్లూటెన్ ఎక్కువమందికి హాని చేయదు. యాభై మిల్లీగ్రాములు మాత్రం కొన్ని నెలల్లో పేగును దెబ్బతీయగలదు. యాభై మిల్లీగ్రాములంటే అర గ్రాము మైదా.

మన వంటింట్లో గోధుమ దాక్కునే చోట్లు ఇంకా ఉన్నాయి. కొట్లో దొరికే పొడి ఇంగువలో చాలా రకాలకు గోధుమపిండో మైదాయో కలుపుతారు. బియ్యప్పిండి కలిపినవీ దొరుకుతాయి, డబ్బా చదివి తీసుకోవాలి. ఉప్మారవ్వ, సేమ్యా గోధుమవే, ఇడ్లీరవ్వ బియ్యానిది. పిల్లలకు పాలల్లో కలిపే మాల్ట్ పొడుల్లో బార్లీ ఉంటుంది, కొన్నిట్లో గోధుమ కూడా. మొక్కజొన్న కదా అని తినే కార్న్‌ఫ్లేక్స్‌లో కూడా బార్లీ మాల్ట్ కలిసే రకాలున్నాయి. ఓట్స్‌లో సొంతంగా గోధుమ గ్లూటెన్ లేకపోయినా పొలంలో, మిల్లులో గోధుమతో కలిసిపోతాయి. గ్లూటెన్ ఫ్రీ అని ప్రత్యేకంగా ముద్రించినవి తప్ప మిగతావి సీలియాక్ రోగులు ముట్టకూడదు. అవి కూడా డాక్టర్‌కి చెప్పి మొదలుపెట్టాలి, కొద్దిమందికి ఓట్స్‌లోని అవెనిన్ అనే ప్రోటీన్ సైతం పడదు.

అమ్మేవాళ్ళకు వర్తించేది

ఇంట్లో కేకులు చేసి వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకునేవాళ్ళు నెల్లూరు, ఒంగోలులో చాలామందే ఉన్నారు. వాళ్ళ ప్రకటనల్లో ‘గ్లూటెన్ ఫ్రీ’, ‘మైదా లేదు’, ‘మిల్లెట్’ అనే మూడు మాటలూ ఒకదాని బదులు ఒకటి తిరుగుతుంటాయి. మూడూ వేరు. మైదా లేని కేక్‌లో గోధుమపిండి ఉండొచ్చు. మిల్లెట్ కేక్‌లో సగం మైదా ఉండొచ్చు. గ్లూటెన్ ఫ్రీ అనే మాట మాత్రం చట్టపరంగా ఒక అంకెకు కట్టుబడిన మాట. అదే ఓవెన్‌లో, అదే బీటర్‌తో ఉదయం మైదా కేక్ చేసి, సాయంత్రం జొన్న కేక్ చేసేవాళ్ళు ల్యాబ్ పరీక్ష లేకుండా ఆ మాట వాడడం సరికాదు.

బరువు తగ్గాలనో, కొత్త రుచి కోసమో కొనేవాళ్ళకు దీనితో వచ్చే నష్టం లేదు. సీలియాక్ ఉన్న పిల్లాడి పుట్టినరోజుకు ఆర్డర్ ఇచ్చే తల్లిదండ్రులకు ఉంది. వాళ్ళు అడగాల్సినవి రుచి, డిజైన్ కన్నా ముందు మూడు: పిండి ఎక్కడ ఆడించారు, గిన్నెలు, బీటర్ విడిగా ఉన్నాయా, పైన చల్లే ఐసింగ్ షుగర్, చాక్లెట్ చిప్స్ ప్యాకెట్ల మీద గోధుమ ప్రస్తావన ఉందా. అమ్మేవాళ్ళ వైపు నుంచి నిజాయితీగా పెట్టె మీద రాయగలిగింది ‘గోధుమ, మైదా వాడలేదు, ఇదే వంటింట్లో మైదా కేకులు కూడా చేస్తాం’ అన్న ఒక్క వాక్యం. దానివల్ల కొన్ని ఆర్డర్లు పోతాయి. అవి అక్కడ తీసుకోకూడని ఆర్డర్లే.